జీరో బ్యాలెన్స్ కార్డుతో లాభమెంత?

హైదరాబాద్ లాడ్ బజార్ వెనక గల్లీల్లో లక్క గాజులకు ఒక్కో రాయీ అద్దే ఆడవాళ్లకు కూలి గాజుల లెక్కనే. పని ఉన్న వారం డబ్బు ఉంటుంది, లేని వారం ఉండదు. ఖాతాలో ఎప్పుడూ వెయ్యో రెండు వేలో నిలవ ఉంచమంటే వాళ్లెక్కడి నుంచి తెస్తారు? 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతా పనికొచ్చేది అక్కడే. కనీస నిల్వ అక్కర్లేదు, దాంతో ఇచ్చే రూపే డెబిట్ కార్డుకు ఏటా చార్జీ లేదు.

పరిమితులూ ఉన్నాయి. డబ్బు తీయడం నెలకు 4 సార్ల వరకే కచ్చితంగా ఉచితం. అదే బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా ఉండకూడదు. రెండొందలు, మూడొందలు చొప్పున తీసుకుంటే ఆ నాలుగూ నెల సగం కాకుండానే అయిపోతాయి.

చాలామందికి తెలియనిది బీమా సంగతి. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతా అయితే కార్డు మీద 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్కసారైనా ఆ కార్డు వాడి ఉండాలి. బీరువాలో చీర మడతల మధ్య భద్రంగా దాచిపెడితే, రేపు ఇంటివాళ్లకు ఆ డబ్బు రాదు. ఈ ముక్క ఖాతా తెరిచిన రోజే బ్యాంకువాళ్లు తెలుగులో, ఉర్దూలో విడమరిచి చెప్పాలి.