రాకాసిలోయ దాటిన తర్వాత...

శనివారం రాత్రి. బాపట్లలో డిగ్రీ చదువుతున్న కొడుకు తెనాలి ఇంటికొచ్చి స్నానానికి వెళ్లాడు. మాసిన బట్టల కోసం బ్యాగు విప్పిన అమ్మ చేతికి ఇటుకలాంటి పుస్తకం ఒకటి తగిలింది. నల్ల అట్ట. మధ్యలో తెరిచింది. ఒంటికన్ను మనిషి, వాడి భుజాన వాడంత కత్తి, చుట్టూ తెగిపడిన శరీరాలు. ఇంకో పేజీ తిప్పలేకపోయింది. నేరుగా వరండాలోకి వచ్చి మామగారి ఒళ్లో పెట్టేసింది.

“చూడండి మామయ్యగారూ, మీ మనవడి నిర్వాకం! పాఠాలు మానేసి చదివేది ఇవీ! మీరైనా నాలుగు మాటలు చెప్పండి.”

ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. కళ్లజోడు సర్దుకుని మొదటి పేజీ తీశారు. అక్కడ కథ అయిపోయింది! జపాన్ బొమ్మల కథలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయని ఆయనకేం తెలుసు?

“అటు నుంచి కాదు తాతయ్యా, ఇటు నుంచి” అంటూ తల తుడుచుకుంటూనే వచ్చి మనవడు పుస్తకం తిప్పి చేతిలో పెట్టాడు. అమ్మ ముఖం చూసి మళ్లీ లోపలికి తప్పుకున్నాడు.

ఆ పుస్తకం పేరు ‘బెర్సెర్క్’. కెంతారో మియురా అనే చిత్రకారుడు 1989లో జపాన్‌లో ధారావాహికగా మొదలుపెట్టిన మాంగా. మాంగా అంటే వాళ్ల బొమ్మల కథ. అందులో ఇది చీకటి రకం. నిజానికి పెద్దవాళ్ల కోసం రాసిందే. ఇంగ్లీషు అనువాదాన్ని పెద్దలకు మాత్రమే అని హెచ్చరిక వేసి అమ్ముతారు. హైస్కూలు పిల్లల చేతికి ఇచ్చేది కాదు. మనవడికి పందొమ్మిది నిండాయి కనుక ఆ గొడవ లేదు. ఉన్నదల్లా, ఇంత రక్తంలో వీడికేం కనబడింది అన్న అమ్మ బెంగ.

ఆ బెంగ న్యాయమైనదే. కాకపోతే తెనాలిలో కూర్చుని దయ్యాల కథలకు బెంగపడటం చూస్తే కాస్త నవ్వు కూడా వస్తుంది. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ను నాగిరెడ్డితో కలిసి నడిపిన చక్రపాణిది ఈ ఊరే. దాన్ని దాదాపు మూడు దశాబ్దాల పాటు తన కలంతో దిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ ఈ ఊరే. ఆయన మార్క్సిస్టు. అయినా మాంత్రికుల్నీ రాక్షసుల్నీ పిల్లల దగ్గరికి ఆనందంగా పంపించారు. ఇక ఆ మాంత్రికుల్ని పుట్టించిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా తెనాలి ప్రాంతం మనిషే. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... అన్నీ ఆయనవే. సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. అందుకే తరాల తరబడి పిల్లలు ఆయన చెయ్యి పట్టుకుని అడవుల్లో తిరిగారు గానీ ఆయనెవరో తెలుసుకోలేదు. 2010లో ఆయన పోయాక గానీ చాలామందికి పేరు తెలియలేదు.

అంతెందుకు, నెలనెలా చందమామలో భుజాన శవాన్ని వేసుకుని శ్మశానంలోంచి నడిచి వచ్చే రాజు బొమ్మ ఉండేది కదా! చూసి ఏ తల్లీ పుస్తకం లాక్కున్న గుర్తు లేదు. పైగా అన్నాలు తింటూ చదివి వినిపించమనేవారు.

భోజనాలయ్యాక మాస్టారు పుస్తకం తీసుకుని మంచం ఎక్కారు. మందలించాలంటే ముందు చదవాలి కదా అని కోడలితో చెప్పారు.

మొదట ఆయన్ని ఆపింది బొమ్మలే. గట్స్ అనే ఆ ఒంటికన్ను వాడి కవచం మీద ప్రతి మేకూ, కోట గోడలో ప్రతి రాయీ విడివిడిగా గీసి ఉన్నాయి. చందమామలో ‘చిత్ర’ వేసిన బొమ్మలు గుర్తొచ్చాయి. చిత్ర రాక్షసుణ్ణి చూస్తే భయం వేసేది, కానీ వాడితో కాసేపు మాట్లాడాలనీ అనిపించేది. ఈ మియురా రాక్షసుల్ని చూస్తే మాట్లాడాలనిపించదు. కొన్ని పేజీలు మాస్టారు చూడకుండానే తిప్పేశారు. ఒక్క రక్తపు చుక్క లేకుండా దాసరి ఇంతకంటే ఎక్కువ వణికించేవారు అని కూడా అనుకున్నారు. అయినా పుస్తకం కింద పెట్టలేదు.

ఎందుకంటే ఈ కథ తలకిందులుగా మొదలవుతుంది. గాయం ముందు కనబడుతుంది, అది ఎలా తగిలిందో తర్వాతెప్పుడో తెలుస్తుంది. గట్స్‌కు ఎడమచెయ్యి లేదు, ఇనుప చెయ్యి ఉంది. మెడ మీద ఒక ముద్ర ఉంది. చీకటి పడితే చాలు, ఆ ముద్రను వెతుక్కుంటూ ప్రేతాలు వస్తాయి. అందుకని వాడు రాత్రిళ్లు నిద్రపోడు. ఎవరు చేశారిది? ఎందుకు? చెప్పరు. పుస్తకం చివరికి వచ్చేసరికి కథ వాడి పుట్టుక దగ్గరికి, ఉరితీసిన తల్లి శవం కింద బురదలో దొరికిన పసిగుడ్డు దగ్గరికి వెనక్కి వెళ్తుంది. అప్పటికి చదివేవాడికి తెలిసిపోతుంది, ఇప్పుడు చూడబోయే సంతోషమంతా ఎక్కడో పగిలిపోతుందని. తెలిసి కూడా ఆగలేడు.

ఈ కథల్లో పట్టు రాక్షసుల వల్ల వచ్చేది కాదు. రాక్షసులు ఎవరైనా గీస్తారు. యుద్ధం అయిపోయిన తర్వాతి పేజీలో ఉంటుంది అసలు సంగతి. మాటలు లేని బొమ్మ. నెగడు మండుతోంది. గట్స్ కత్తికి ఆనుకుని కూర్చున్నాడు. వాణ్ణి వదలకుండా వెంటపడే అరచేతి మనిషి పక్, రెక్కలున్న చిన్న దేవకన్నె జాతివాడు, దగ్గర్లోనే ఉన్నాడు. మాస్టారు ఆ పేజీల దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయారు. గోడ గడియారం రెండు కొట్టింది.

పొద్దున్నే వరండాలో మనవణ్ణి పిలిచారు.

“వీడిలా తయారవడానికి ఎవడ్రా కారణం?”

“స్నేహితుడే తాతయ్యా. గ్రిఫిత్ అని దండు నాయకుడు. గట్స్‌కి మొదటిసారి నా అనేవాళ్లు దొరికింది ఆ దండులోనే. గ్రిఫిత్ తన కోరిక తీరడం కోసం వాళ్లందర్నీ ఒక రాత్రి దయ్యాలకి బలిచ్చేస్తాడు. గట్స్, ఇంకో అమ్మాయీ మాత్రం బతుకుతారు.”

“తర్వాత అందర్నీ బతికించుకుంటాడా?”

“లేదు. పోయినవాళ్లు పోయినట్టే.”

మాస్టారు తల ఊపారు. దాసరి సీరియల్స్‌లో ఎప్పుడూ ఇద్దరు నడిచేవారు. కేశవుడు, జయమల్లు. ధూమకుడు, సోమకుడు. శిఖిముఖి, విక్రమకేసరి. లోయ ఎంత భయంకరమైనదైనా పక్కన ఇంకొకడుండేవాడు, వాడు ద్రోహం చేయడు. పిల్లలు ధైర్యంగా చదవగలిగింది అందుకే. చివరికి లోయ దాటి ఇల్లు చేరేవారు. ఇక్కడ లోయ దాటాక ఇల్లు లేదు.

“వీడికి నిద్ర పట్టకపోవడం మాత్రం అబద్ధం కాదురా” అన్నారాయన. తర్వాత, నలభై ఏడెనిమిదేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి చెప్పారు.

1977 నవంబరు 19. ఆ రోజూ శనివారమే. రేపల్లె దిగువన సముద్రానికి దగ్గర పల్లె. ఆయనకు పదిహేనేళ్లు, తమ్ముడికి తొమ్మిది. చందమామలో ‘మాయాసరోవరం’ నడుస్తోంది. నాన్న రేపల్లె నుంచి పుస్తకం తెస్తే అన్న చదివేవాడు, తమ్ముడు బొమ్మ మీద వేలు పెట్టి వినేవాడు. జయశీలుడి కంటే సిద్ధసాధకుడంటేనే వాడికి ఇష్టం. ‘ఇంకా ఉంది’ అన్న మాట దగ్గర ఆగితే వాడికి ఎక్కడలేని కోపం వచ్చేది. వచ్చే నెల దాకా ఎవరు ఆగుతారని మిగతా కథ వాడే చెప్పేసేవాడు. ఆ నెల కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం గాలి. తర్వాత నీళ్లు. ఆ ఉప్పెనకు దివిసీమలో, ఇటు రేపల్లె, బాపట్ల వైపు కలిపి పోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే 10 వేల దాకా ఉన్నారు. అన్న ఒక చేత్తో తుమ్మచెట్టును, ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకున్నాడు. తెల్లారేసరికి ఒక చెయ్యి ఖాళీగా ఉంది.

మనవడు తాతయ్య ముంజేతుల వైపు చూశాడు. ఆ తెల్లటి గీతలు వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అడిగితే “చెట్టెక్కితే ముళ్లు గీసుకున్నాయిరా” అనేవారు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

“తర్వాత చందమామ చదవలేకపోయానురా. అందులో అందరూ క్షేమంగా ఇంటికొచ్చేవారు. తప్పేం లేదు, పిల్లల కథ కదా. నాకే పడలేదు. అప్పుడు నీ గట్స్ గాడు దొరికి ఉంటే చదివేవాణ్ణేమో.”

కోడలు గ్లాసులు కింద పెట్టింది. “అయితే ఇవి చదివితే మంచిదేనంటారా మామయ్యగారూ?” అనడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే.

“మంచిదో కాదో నాకూ తెలీదమ్మా. అందరికీ పనికిరాదు. ఆ రక్తంలో సగం తీసేసినా కథ నిలబడుతుంది. కానీ వీడు రక్తం కోసం చదవట్లేదు. అడుగు, చెబుతాడు.”

వాడు చెప్పాడు. తర్వాతి సంపుటాల్లో గట్స్ చుట్టూ మళ్లీ మనుషులు చేరతారని, దొంగ కుర్రాడొకడు, చిన్న మంత్రగత్తె పిల్ల ఒకతి వస్తారని చెప్పాడు. ఒకసారి అందర్నీ పోగొట్టుకున్నవాడు మళ్లీ ఎవరినైనా దగ్గరికి రానిస్తాడా అన్నదే తనకు టెన్షన్ అన్నాడు. హాస్టల్లో రూమ్మేట్లు సగం మంది ఈ కథల మనుషులేనట. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు డబ్బింగ్‌తో వస్తే గుంపుగా వెళ్లారట. ఒక దెయ్యం ఇంటిల్లిపాదినీ చంపేస్తే, దెయ్యంగా మారిన చెల్లెల్ని పెట్టెలో పెట్టి వీపున మోసుకు తిరిగే అన్న కథ అది.

“మరి ఈ బెర్సెర్క్ చివరికి ఏమవుతుంది?”

“ఇంకా అవలేదు తాతయ్యా. గీసేవాడు 2021 మేలో పోయాడు. 54 ఏళ్లే.”

మాస్టారు ముఖం మారింది. “మధ్యలోనా?”

“మధ్యలోనే. అయితే మియురాకి మోరీ అని చిన్నప్పటి స్నేహితుడు ఉన్నాడు. ఆయనా మాంగా గీస్తాడు. ఎప్పుడో కుర్రతనంలో కథంతా చివరిదాకా ఆయనకు చెప్పాడట. 2022లో మళ్లీ మొదలుపెట్టారు. మియురా దగ్గర పనిచేసిన శిష్యులు గీస్తారు, ఈయన దగ్గరుండి చూసుకుంటాడు. తను విన్నదే తప్ప సొంతంగా ఏదీ కలపనని చెప్పాడు.”

“అన్నేళ్ల కిందట విన్నది గుర్తుంటుందంటావా?”

“ఏమో. నీకు గుర్తుందా, చిన్నతాతయ్య చెప్పింది?”

మాస్టారు లేచి లోపలికి వెళ్లి, అలమరలో పైఅర నుంచి పుస్తకం ఒకటి తెచ్చారు. మాయాసరోవరం. దాసరి సీరియల్స్ పుస్తకాలుగా వచ్చినప్పుడు కొన్నది. చాలాకాలం తెరవలేదట. రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం కూర్చుని చివరిదాకా చదివేశారట.

“వాడు చెప్పినట్టే అయిందా తాతయ్యా?”

“లేదురా. వాడి కథే బాగుంది.”

“ఏం చెప్పాడు?”

బాపట్ల ట్రైన్‌కి ఇంకా గంటన్నర టైముంది. కోడలు కూడా కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది. మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టి, సిద్ధసాధకుడి దగ్గర మొదలుపెట్టారు.