చెరుకు చేల అంచున సముద్రం

మా నిజామాబాద్ జిల్లా పిల్లలకు పెద్ద నీళ్లంటే నిజాంసాగరే. మంజీరలో వరదొచ్చి గేట్లెత్తారంటే ఇంటిల్లిపాదీ కట్ట మీదికి బయల్దేరడం మా చిన్నప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయితే అవి కట్ట మీంచి చూసి మురిసిపోవాల్సిన నీళ్లు, దిగి ఆడే నీళ్లు కావు. దిగి ఆడుకునే సముద్రం కావాలని పిల్లలు చాలా రోజులుగా అడుగుతున్నారు. అన్న కుటుంబం దుబాయిలో ఉంటుంది. పెళ్లిళ్లకో కర్మలకో తప్ప అందరం ఒక్క ఇంట్లో పడుకుని లేచిన రోజులు లేవని అమ్మకు ఎప్పటినుంచో బెంగ. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన మా నిజామాబాద్ ఇళ్లలో ఈ బెంగ చాలామందికి తెలిసిందే. పిల్లల కోరికా అమ్మ బెంగా రెండూ ఒక్క ప్రయాణంతో తీరాలనుకున్నాం.

పిల్లలతో, పెద్దవాళ్లతో పరాయి దేశం పోదామనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: ఊరి పేరు తర్వాత, ముందు తేదీలు తేల్చుకోండి. మన బడులకు సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. దుబాయిలో పెద్ద సెలవులు జులై, ఆగస్టుల్లో. రెండూ కలిసే చోటు వెతికితే బక్రీద్ దొరికింది. ఆ పండుగ సెలవులు జూన్ మొదటి వారంలో, మా బడులు తెరవకముందే వచ్చాయి. అన్న వాటికి ఇంకొన్ని రోజులు కలుపుకున్నాడు.

జూన్ అని తేలగానే సగం సముద్రాలు లెక్కలోంచి పోయాయి. నైరుతి రుతుపవనం అప్పటికి గోవా, కేరళ తీరాల మీదికి వచ్చేస్తుంది. థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రబీ ఉన్న పడమటి తీరం, శ్రీలంక నైరుతి తీరం అన్నీ అదే గాలి కింద ఉంటాయి. అలలు లేచి, పిల్లలు నీళ్లలోకి దిగొద్దని ఎర్రజెండాలు కట్టే కాలం అది. మాల్దీవుల్లో చాలావరకు ఒక్కో హోటలుకు ఒక్కో దీవి. జంటలకు బాగుంటుందేమో గానీ, చెరుకు పండించిన మా బాపులాంటి మనిషిని తెల్లటి ఇసుక మీద వారం రోజులు కూర్చోబెడితే అది ఆయనకు శిక్ష అవుతుంది. భూమధ్యరేఖ దాటి కిందికి పోతే రుతువులు తిరగబడతాయి, జూన్‌లో అక్కడ చలికాలం, ఎండ మెత్తగా ఉంటుంది. అట్లా మారిషస్ మీదికి చూపు పోయింది. మారిషస్ చెరుకు దేశమని చెప్పగానే బాపు మొదటిసారి తలెత్తి, "ఎంత ఎవుసం ఉంటదిరా అక్కడ?" అన్నాడు. అప్పుడే నిర్ణయం అయిపోయింది.

విశ్రాంతి అందరికీ ఒకే తీరుగా దొరకదు. పిల్లలకు అది నీళ్లలో ఉంటుంది. మా ఇంటి ఆడవాళ్లకు పొద్దున్నే పొయ్యి ముట్టించే పని లేకపోవడంలో ఉంటుంది. బాపుకు మాత్రం తనకు తెలిసిన పని గురించి ఎవరితోనైనా మాట్లాడుతూ నడవడమే విశ్రాంతి. వెళ్లే చోట పెద్దవాళ్లకు కూడా ఒక సొంత పని ఉండాలి. అది చూడకుండా టికెట్లు కొంటే వాళ్లు పిల్లల చెప్పులకు కాపలాదారులుగా మిగిలిపోతారు.

కాగితాల పని తేలికే. భారతీయ పర్యాటకులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు సరిపడా డబ్బు చూపిస్తే దిగిన చోటే ముద్ర వేస్తారు. బయల్దేరే ముందు వాళ్ల ప్రభుత్వ ఫారం ఒకటి ఆన్‌లైన్‌లో నింపాలి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ కూడా నడుస్తోంది. మేం నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై చేరి, అక్కణ్నుంచి విమానం ఎక్కాం. ఒకప్పుడు దుబాయి పోయేవాళ్లను సాగనంపడానికి మా ఊళ్లన్నీ స్టేషన్‌కొచ్చి బొంబాయి బండి ముందు ఏడ్చేవి. అన్న వాళ్లు దుబాయి నుంచి నేరుగా దిగారు. దీవి ఆగ్నేయ మూలనున్న విమానాశ్రయం బయట అమ్మ మనవళ్లను పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇల్లు ఎంచడంలో కూడా గాలినే లెక్క చూసుకున్నాం. జూన్‌లో అక్కడ ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా వీస్తుంది, తూర్పు తీరం చల్లగా, గాలిగా ఉంటుంది. దీవికి అటు చాటున ఉన్న వాయవ్య తీరం ప్రశాంతం. అందుకే త్రూ ఓ బీష్, మోంట్ షువాజీ తీరాల మధ్య వంటగది ఉన్న ఇల్లొకటి అద్దెకు తీసుకున్నాం. మాతో వచ్చిన మేనత్త మోకాళ్ల కోసం మెట్లు లేని ఇల్లు, ఇసుకకు నడిచిపోయేంత దూరం. హోటల్ గదులైతే ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవాళ్లు. ఇంట్లో అందరూ ఒకే వరండాలోకి రాక తప్పదు.

మారిషస్ చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. పెద్ద అలలు దూరాన దాని మీదే విరిగిపోతాయి, ఆ తెల్లటి గీత ఒడ్డు మీంచి కనిపిస్తుంది. గీతకు ఇవతల నీళ్లు లోతు తక్కువగా, నిదానంగా ఉంటాయి. మా చిన్నదాని నడుము లోతులోనే చేపలు కనిపించాయి. చీరె కుచ్చిళ్లు దోపుకుని అమ్మ, అత్త మోకాళ్ల దాకా దిగి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. దిబ్బ లేని చోట సముద్రం ఎట్లా ఉంటుందో దక్షిణాన సూయాక్ దగ్గర గ్రీ గ్రీ అనే చోట చూశాం. అక్కడ అలలు నేరుగా నల్లరాతి గట్లను కొడతాయి, దిగడం ప్రమాదం. పిల్లలున్నవాళ్లు తీరం పేరు చూసి సరిపెట్టుకోకుండా దిబ్బ ఉందా లేదా అడగాలి. నీళ్లలోకి రబ్బరు చెప్పులు తప్పనిసరి, రాళ్ల మధ్య ముళ్ల ప్రాణులుంటాయి.

పొద్దున పూట అందరం నీళ్ల దగ్గర. మధ్యాహ్నం ఎవరికీ ఏ పనీ పెట్టకూడదని ముందే అనుకున్నాం, ఆ మాట చివరిదాకా నిలుపుకున్నాం. చలికాలం కదా, ఆరు కాకముందే పొద్దు కుంకుతుంది. రాత్రిళ్లు పొడవు. అన్న నేను మాట్లాడుకోవాల్సినవి ఆ రాత్రుల్లోనే మాట్లాడుకున్నాం.

ఆదివారం మోంట్ షువాజీ చూడాల్సిందే. సర్వీ చెట్ల కింద ఊళ్లకు ఊళ్లు దిగినట్టు కుటుంబాలు చాపలు పరుస్తాయి, పెద్ద గిన్నెల్లో బిర్యానీ తెచ్చుకుంటాయి, డప్పులాంటి రవాన్ మీద సెగా పాట సాగుతుంది. అనాసపండును చెక్కి చింతపండు, కారం, ఉప్పు పట్టించి అమ్ముతారు. పప్పు ఉడికించి లోపల పెట్టి పల్చగా కాల్చిన దాల్ పూరీలు రెండేసి కలిపి, గింజల కూర, పచ్చడి రాసి కాగితంలో చుట్టిస్తారు. అమ్మ కొరికి చూసి, "బెల్లం ఎయ్యడం మర్శిపోయిన బచ్చాలు" అంది, ఇంకో జత తెమ్మంది. పక్క చాప మీది పెద్దావిడ మా మాటలు విని లేచి వచ్చింది. తెలుగువాళ్లమేనా అని ఇంగ్లిషులో అడిగింది. ఇంట్లో తాము మాట్లాడేది క్రియోల్ అట. అయినా రామభజన పాటలు, సింహాద్రి అప్పన్న పూజ తమ ఇంట్లో ఆగలేదని చెప్పింది. ఆమె గొంతెత్తి గోవింద నామాలు అందుకుంటే అమ్మా అత్తా కలిశారు. ఆ దీవిలో ఉగాది ప్రభుత్వ సెలవు రోజు. బడుల్లో తెలుగు చెప్తారు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇవి నేను చదివి తెలుసుకున్న సంగతులే. ఆవిడ పాడుతుంటే వాటి బరువు తెలిసింది.

ఇంక బాపు సంగతి. దీవిలో ఏ రోడ్డు మీద పోయినా రెండు వైపులా చెరుకే. జూన్‌లో కొట్టుడు మొదలవుతుంది, డిసెంబరు దాకా సాగుతుంది. మా దిక్కు గానుగ నవంబరులో మొదలయ్యేది. అక్కడ చేలు వెండి పూత మీదున్నాయి, మా బోధన్‌లో అప్పుడు లేత పైరు. బాపు మొదటి రోజే కారు ఆపించి దిగాడు. గెడ లావు చూశాడు, కణుపు దూరం చూశాడు, మట్టి పిడికిట్లో నలిపాడు. ఒకసారి నాటితే ఏడెనిమిదేళ్లు మోడు నుంచే కార్శి తీస్తారని చెరుకు నరుకుతున్న ఒకాయన చెబితే, మొదట నమ్మలేదు. "మన దగ్గర మూడో కార్శికే దిగుబడి పడిపాయె" అన్నాడు. చేల మధ్య నల్లరాళ్లు గుట్టలు గుట్టలుగా, చిన్న గోపురాల్లా పేర్చి ఉన్నాయి. అగ్నిపర్వతం నుంచి పుట్టిన నేల కాబట్టి రాయి ఏరనిదే చెరుకు దిగదు. ఆ రాళ్లను ఏరిపోసింది ముందు బానిసలు, తర్వాత మన దేశం నుంచి పోయిన కూలీలు. బాపు ఒక గుట్ట చుట్టూ తిరిగి వచ్చి, "గిన్ని రాళ్లు చేతుల్తో ఏరిన్రా" అని మాత్రం అన్నాడు.

పాంప్లెమూస్ దగ్గర బో ప్లాన్‌లో పాత చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 1999లో మూతపడింది, 2002లో దాన్నే చక్కెర మ్యూజియంగా తెరిచారు. మా ప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువసేపు గడిపింది అక్కడే. పిల్లలకు అరగంట చాలనుకున్నా, బాపు వాళ్లను వదల్లేదు. గొట్టాలు, పెనాలు, తిరిగే పెద్ద చక్రాలు అన్నీ యథాస్థానంలో ఉంచారు. "రసం ఇట్ల పోతది, సున్నం ఇక్కడ కలుపుతరు, ఇక్కడ మరిగి గింజ కడతది" అని ఆయన చెప్తుంటే, అక్కడి గైడు పక్కన నిలబడి విన్నది.

ఈ మాటలన్నీ ఆయనకు బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో అబ్బినవి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగ్‌లో 1923 నుంచి 1931 దాకా కట్టిన నిజాంసాగర్ నీళ్లు కాల్వల్లోకి వచ్చాకే మా నేలలు చెరుకు చూశాయి. చెరుకొచ్చాక 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. సీజనులో ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు గేటు ముందు రాత్రంతా వరసలో ఉండేవి. బాపు పర్మిటు చేతబట్టుకుని ఆ వరసలోనే పడుకునేవాడు. 2015 డిసెంబరులో అది మూతపడింది. తెరుస్తారన్న మాట వింటూనే ఉన్నాం. మా పొలంలో ఇప్పుడు వరి, సోయా.

మ్యూజియం చివర రకరకాల చక్కెరలు నాలుక మీద వేసి రుచి చూపిస్తారు. లేత బంగారు రంగు దాన్నుంచి నల్లటి తడి చక్కెర దాకా ఒక్కోటీ ఒక్కో వాసన. బాపు అన్నీ రుచి చూసి, నల్లదాని దగ్గర ఆగి, మా గానుగ బెల్లం వాసన ఇదేనన్నాడు. ఫ్యాక్టరీ మూసినప్పుడు పని చేసేవాళ్లు ఏమయ్యారని గైడును అడగమన్నాడు. మారిషస్‌లో ఒకప్పుడు రెండు వందలకు పైగా ఉన్న మిల్లులను క్రమంగా కలిపేస్తూ వచ్చారు, ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మిల్లు మూసేటప్పుడు కార్మికులకు నగదుతో పాటు ఇంటి స్థలం కూడా ఇచ్చే పద్ధతి అక్కడ వచ్చిందని ఆమె చెప్పింది. నేను తెలుగులో చెప్తే బాపు మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. యంత్రాలను తుప్పుకు వదిలేయకుండా, వాటి ముందు పిల్లల్ని నిలబెట్టి ఇదీ మీ తాతల పని అని చెప్పే చోటు శక్కర్‌నగర్‌లో కూడా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచినా సరే, ఆ చోటు ఉండాలి.

ఒక చెరుకు ముచ్చె తెచ్చుకుని పెరట్లో నాటాలని ఆయనకు బలంగా అనిపించింది. మొక్కలు, విత్తనాలు దేశాలు దాటించడానికి అనుమతులు కావాలని చెప్పి ఆపాను. చక్కెర పొట్లాలు మాత్రం పెట్టె నిండా వచ్చాయి.

పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కు వదిన పట్టుబట్టి తీసుకెళ్లింది. 1834 నుంచి 1920 దాకా ఐదు లక్షలకు దగ్గరగా భారతీయ కూలీలు కాంట్రాక్టు కింద దిగిన దీవి ఇది. వాళ్లు దిగడానికి 1849లో ఆ ఘాట్ కట్టారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అప్పటి రాతిమెట్లు ఇంకా మిగిలాయి. ఎక్కాక రిజిస్టరులో పేరు, ఊరు, నంబరు. ఆ రికార్డులు మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి, వాటిలో ఊరిపేరు వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. తెలుగువాళ్లు ఎక్కువగా విశాఖ, గంజాం, గోదావరి దిక్కునుంచి కోరంగి రేవు మీదుగా, మద్రాసు మీదుగా వచ్చారు.

వదినది వర్ని దగ్గర కోస్తా రైతులు స్థిరపడ్డ ఒక క్యాంపు. వాళ్ల తాత గోదావరి జిల్లా నుంచి నిజాంసాగర్ కాల్వ కిందికి వచ్చి భూమి కొన్న మనిషి. మెట్ల మీద కూర్చుని, "మా తాతయ్య రైలెక్కి చెరుక్కి వచ్చారు, వీళ్ల తాతలు ఓడెక్కి చెరుక్కి వచ్చారు" అంది. పోలిక అంతవరకే అని నాకు అనిపించింది. వాళ్ల తాతయ్య సొంత డబ్బుతో, సొంత ఇష్టంతో వచ్చాడు, అక్కర్లేదనుకుంటే వారంలో ఊరు చేరగలడు. ఈ మెట్లెక్కినవాళ్లకు ఆ వీలు లేదు. అయినా ఒకే తీరం మనుషులు, ఒకే పంట. వదిన అక్కణ్నుంచే క్యాంపులోని తన నాన్నకు వీడియో కాల్ చేసి మెట్లన్నీ చూపించింది. ఆయన చాలాసేపు చూసి, రిజిస్టర్లో తమ ఊరిపేరు ఉందేమో కనుక్కోమన్నాడు. ఒక పూటలో అయ్యే పని కాదది.

అందుకని వచ్చే వేసవికి ఆయన్ని కూడా తీసుకుని మళ్లీ ఆ ఇంటికే పోదామని అనుకున్నాం. పిల్లలు ఆ సముద్రమే కావాలంటున్నారు. బాపు ఈసారి కొట్టుడు బాగా ఊపందుకున్నాక పోదామంటాడు గానీ మన బడి సెలవులు దానికి ఒప్పుకోవు. అన్న సెలవు సంగతి దుబాయి వెళ్లాక కనుక్కుని చెప్పాడు, కుదురుతుందట. వదిన నాన్నకు ఇంతవరకూ పాస్‌పోర్టు లేదు. నిజామాబాద్ పాస్‌పోర్టు కేంద్రంలో దరఖాస్తు పెట్టాం.