అక్కయ్య ఎంచుకున్న మందు

మా అక్కయ్యకి పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికీ పాకిందన్నారు. డాక్టరుగారు రెండు రకాల కీమో చెప్పారు: ఫోల్‌ఫాక్స్, ఫోల్‌ఫిరి. రెంటిలోనూ ఫ్లోరోయురాసిల్, ల్యూకోవోరిన్ ఉంటాయి. రెండు వారాలకోసారి, పంపుతో 46 గంటలు ఎక్కిస్తారు. తేడా అంతా మూడో మందులోనే. ఆక్సాలిప్లాటిన్ అయితే చన్నీళ్లు తాకినా వేళ్లు జివ్వుమంటాయి, పోనుపోను తిమ్మిరి నెలలకొద్దీ ఉండిపోవచ్చు. ఇరినోటెకాన్‌తో విరేచనాలు, జుట్టు రాలడం. ఏది ముందిచ్చి ఏది తర్వాత ఇచ్చినా ఆయుష్షులో పెద్ద తేడా లేదని 2004లో ఫ్రాన్సు డాక్టర్లు తేల్చారట.

అక్కయ్య కుట్టుమిషనే ఆ ఇంటికి ఆధారం. "జుట్టు వెంకన్నకిచ్చాననుకుంటాను. వేళ్లు మొద్దుబారితే సూదిలో దారం ఎలా ఎక్కించనే?" అంది.

ఫోల్‌ఫిరి మొదలైంది. విరేచనాల మాత్రలు, ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు మంచం పక్కనే పెట్టాను. జ్వరమొస్తే మాత్రం, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికే! నిన్న పక్కింటి పాపకి పరికిణీ కుట్టింది.