విల్లుకు ఆయుష్షెంత?

జాగ్రత్తగా చూసుకుంటే వేటవిల్లు ఎన్నేళ్లు మన్నుతుంది? తుపాకీ సంగతైతే తయారుచేసిన కంపెనీ చెబుతుంది. బస్తర్ విల్లుకు కంపెనీ లేదు, గ్యారంటీ కార్డు లేదు. అడవిలో వెదురు, చేతిలో కత్తి, చేసేవాడి ఓపిక ఉంటే చాలు. అయినా ప్రశ్నకు జవాబు లేకపోలేదు. కాకపోతే అది గడిచిన ఏళ్ల మీద కన్నా చేసేవాడి, వాడేవాడి తీరు మీద ఎక్కువ ఆధారపడుతుంది.

మురియా, మాడియా పల్లెల్లో విల్లు అంటే చాలావరకు ముదురు వెదురు బద్దే. విశేషమేమిటంటే నారి కూడా వెదురుదే. సన్నగా చీల్చిన పేడును నున్నగా గీసి, రెండు కొసలకూ నారతో ముడులు వేసి విల్లు కొప్పులకు తగిలిస్తారు. తోలు నారిలా అది తడికి సాగిపోదు. తెగితే మరో పేడు చీల్చుకోవడమే. కాబట్టి విల్లు వయసంటే బద్ద వయసే.

ఆ బద్దకు పెద్ద శత్రువు పురుగు. వెదురులోని పిండి పదార్థం కోసం చేరి, పైకి ఏమీ కనబడనీయకుండా లోపలంతా పొడి చేసేస్తుంది. లేత వెదురు పనికిరాదనేది, వానలు వెలిసి చలి ముదిరాక నరకడం మేలనేది అందుకే. పిండి అప్పుడే తక్కువ. పొయ్యి పొగ తగిలేలా చూరు కింద ఉంచితే పురుగు అంత తేలిగ్గా దరిచేరదు, తేమా ఆరుతుంది. అలాగని ఎండలో పడేస్తే పెళుసెక్కి చీలుతుంది. నారి ఎక్కించి అలాగే వదిలేస్తే బద్ద ఆ వంపుకే అలవాటుపడి బలం పోగొట్టుకుంటుంది. వేట నుంచి రాగానే నారి దించాల్సిందే. అన్నిటికన్నా చెడ్డది బాణం పెట్టకుండా నారి లాగి వదలడం. బాణం మోసుకుపోవాల్సిన శక్తినంతా అప్పుడు విల్లే తినాల్సి వస్తుంది. విల్లు చేతికివ్వగానే పట్నంవాళ్లు సరదాపడి చేసే మొదటి పని సరిగ్గా అదే.

ఇవన్నీ పాటించినా లాగిన ప్రతిసారీ బద్ద కాస్త కాస్త అలసిపోతుంది. రోజూ వేటకు తీసే విల్లుకు కొన్నేళ్లే ఆయుష్షు. పండగకో పబ్బానికో తీసేది అంతకన్నా చాలాకాలం నిలుస్తుంది. అసలు వాడకుండా పొడిచోట దాచితే ఆకారం తరాలపాటు ఉంటుంది. 1545లో మునిగిపోయిన ఇంగ్లండ్ యుద్ధనౌక ‘మేరీ రోజ్’లో 130కి పైగా విళ్లు విరగకుండా దొరికాయి. అయితే నాలుగు శతాబ్దాలు సముద్రపు బురదలో ఉన్న కలపకు పూర్వపు బలం లేదు. వాటి సత్తా తెలుసుకోవడానికి కొత్త విళ్లు చేసి పరీక్షించాల్సి వచ్చింది.

బస్తర్‌లో విల్లు పని ఆగిపోతున్నది మాత్రం పురుగు వల్ల కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణ ఇంకా బిగించింది. ఆ చట్టంలో వేటహక్కులకు మినహాయింపు దక్కిన ఆదివాసీలు నికోబార్ దీవులవారు. బస్తర్‌కు అలాంటిదేమీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, సంప్రదాయ వేటను మాత్రం హక్కుల జాబితా నుంచి స్పష్టంగా తప్పించింది. అంటే చట్టం దృష్టిలో విల్లు చేసుకునే వెదురు మీద హక్కుంది, విల్లు చేసే పని మీద లేదు. వేట మీద నిషేధం అక్కర్లేదని వాదించడమూ కష్టమే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువైన అడవి గేదె ఆ రాష్ట్రంలో అతి కొద్దిగానే మిగిలింది. కానీ అడవి ఖాళీ కావడానికి వెదురు బద్దే కారణమన్నట్టు మాట్లాడేవారు దొరల తుపాకులనూ, బైలదిల్లా ఇనుప గనులనూ తీరిగ్గా మరచిపోతారు.

పైగా బస్తర్‌లో విల్లు ఏనాడూ వేట పనిముట్టుగానే మిగల్లేదు. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు కబురు మామిడి కొమ్మలు, మిరపకాయలతో పాటు బాణాల రూపంలోనూ ఊరూరూ తిరిగింది. 1966 మార్చి 25న జగ్దల్‌పూర్ రాజభవనంలో మాజీ రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌ను బలిగొన్న పోలీసు కాల్పుల వేళ ఆదివాసీల చేతుల్లో ఉన్నవి విల్లంబులే. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక అటు జుడుం ఊరేగింపుల్లోనూ, ఇటు మావోయిస్టుల మిలీషియాలోనూ అవే కనబడ్డాయి. కుందేలు కోసం భుజాన వేసుకున్న విల్లుకూ, యుద్ధానికి పట్టిన విల్లుకూ దూరం నుంచి చూసేవాడికి తేడా ఏముంటుంది?

ఆ ఏళ్లలో వందలాది పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. వేలాదిమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. తెలుగువాళ్లు వాళ్లను గొత్తికోయలన్నారు. ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆదివాసీ యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది 2011 జూలై 5న. అప్పటికి ఆరేళ్లు గడిచిపోయాయి. ఆరేళ్లంటే ఒక పిల్లాడు బొమ్మవిల్లుతో తొండలను కొట్టడం దగ్గర మొదలుపెట్టి, పిట్టల కోసం మొద్దుమొన బాణం, పెద్ద జంతువు కోసం ఇనుప ములుకు ఎందుకో తెలుసుకునే వయసు. టార్పాలిన్ గుడారంలో పెరిగిన పిల్లాడికి ఆ పాఠం ఎవరు చెప్పాలి? నేర్పాల్సిన తాత ఒక రాష్ట్రంలో, మనవడు ఇంకో రాష్ట్రంలో ఉన్న కుటుంబాలకు లోటు లేదు.

2025 మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు నారాయణపూర్ జిల్లా అడవుల్లో హతమయ్యారు. ఆ తర్వాతి నెలల్లో పెద్దసంఖ్యలో లొంగుబాట్లు జరిగాయి. ఖాళీ అయిన పల్లెల్లో ఏ ఇంటి చూరు కిందైనా పాత విల్లు మిగిలి ఉంటే, పురుగు పట్టకపోతే, బద్ద ఇంకా వంగుతూనే ఉండొచ్చు. నారి మాత్రం కొత్తది వెయ్యాలి. పేడును ఏ మందాన చీల్చాలో, కణుపు ఎక్కడ గీయాలో, ముడి ఎంత బిగించాలో తెలిసినవాళ్లు ఇప్పుడు ఆ ఊళ్లలో ఎందరున్నారన్నది ఏ జనగణనలోనూ ఉండదు.