నీళ్లలో తేలే రాయి

ఇవాళ మీకో రాయి సంగతి చెప్పాలి.

1717లో చైనాలోని యాంగ్‌జౌలో లూ యింగ్‌జి అనే ఆయనకు కోట బయటి సంతలో ఒక సిరా రాయి దొరికింది. అక్కడి సంప్రదాయ సిరా కడ్డీగా ఉంటుంది. కాసిన్ని నీళ్లు చల్లి, మనం గంధం తీసినట్టు రాయి మీద అరగదీస్తేగాని కుంచెకు అందదు. దొరికిన రాయి మీద సోంగ్ వంశపు చక్రవర్తి కొలువులో చేసినదని అక్షరాలున్నాయి. చూపుకి మెత్తటి మట్టితో చేసి కాల్చినట్టే ఉంది. ఎత్తితే బరువే లేదు. నీళ్లలో వేస్తే మునగలేదు! ఆరా తీస్తే అది లక్కలో ఇసుక కలిపి చేసినదని తెలిసింది. ఆయన పనివాళ్ల చేత అలాంటివి చేయించాడు. మనవడు లూ క్వేషెంగ్ కాలానికి వాటి పేరు మారుమోగింది.

ఈ లక్క మన ఏటికొప్పాక బొమ్మలకు పూసేది కాదండోయ్. అది పురుగు పెట్టేది, ఇది చెట్టు కార్చేది. మన మామిడి, జీడి కుటుంబానికి చెందిన చెట్టే. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది చూశారా, ఈ పాలు పచ్చిగా తగిలినా అంతే. గట్టిపడ్డాక మాత్రం నీళ్లకు చెక్కుచెదరదు. ఎండలో ఆరబెట్టేది కూడా కాదు, వెచ్చటి తేమగాలిలో గట్టిపడుతుంది. పలచగా పూత వేయాలి, గట్టిపడనివ్వాలి, నునుపు చేయాలి, మళ్లీ పూయాలి. ఎంత ఓపిక కావాలో చూడండి.

లక్క రాయి వేషమే కాదు, కంచు వేషమూ వేసింది. 1972లో చైనాలోని చాంగ్‌షా దగ్గర మవాంగ్‌దుయ్ దిబ్బ తవ్వినప్పుడు, ఒక దొరసానిది, రెండువేల ఏళ్లకు పైబడిన సమాధిలో 180కి పైగా లక్క సామాన్లు బయటపడ్డాయి. వాటిలో మూడు కాళ్ల గిన్నె ఒకటుంది. అసలు ఆ ఆకారం కంచు గిన్నెది. కింద మంట పెట్టుకోవడానికే దానికి కాళ్లు. కర్ర మీద లక్క పూసిన గిన్నెను పొయ్యెక్కించేదెవరు? అయినా పనివాడు కాళ్లూ తియ్యలేదు, చెవుల్లాంటి పిడులూ తియ్యలేదు. మూత తీస్తే నీళ్లలో తామరదుంప చక్రాలు తేలుతూ కనిపించాయట! గిన్నె కదిలేసరికి కరిగిపోయాయి.

ఇదంతా కంచు కొనలేనివాళ్లు చేసుకున్న చౌక సరుకు అనుకునేరు. క్రీస్తుపూర్వం 81లో హాన్ రాజవంశపు కొలువులో ఉప్పు, ఇనుము వ్యాపారాల మీద పెద్ద వాదం జరిగింది. బొమ్మలు గీసిన ఒక్క లక్క గిన్నె పది కంచు గిన్నెల పెట్టన్న మాట అందులోనే వచ్చింది. అందుకే ‘నకిలీ’ అంటే నేను ఒప్పుకోను. పాత రూపం మీద మమకారం లేనివాడు దానికి పదిరెట్ల చాకిరీ చేస్తాడా?

18వ శతాబ్దంలో చియెన్‌లుంగ్ చక్రవర్తి చామంతి రేకుల్లాంటి అంచులున్న ఎర్రటి లక్క గిన్నెలు చేయించి, వాటి మీద తన పద్యాలు రాయించుకున్నాడు. జింగ్‌దజెన్ ఊరి పనివాళ్లు పద్యంతో సహా వాటిని పింగాణీలో దింపారు. అంటే అక్కడ లక్కే అసలు, పింగాణీది అనుకరణ. ఆ పనితనం గొప్పదే, కాదనను. నా ఓటు మాత్రం లక్కకే. ఆ లక్క గిన్నె చేయడానికి అచ్చు మీద లక్కతో గుడ్డలు అతికి, గట్టిపడ్డాక అచ్చు లాగేస్తారు. లోపల కర్ర లేదు, లోహం లేదు. ఆ గిన్నె నిలబడిందంటే ఒట్టి గుడ్డ మీద, పూతల మీద!