వేసుకోకుండా దాచిన మాత్రలు

నొప్పికి మూలిగితే నామోషీ అనుకునే ఇంట్లో పెరిగాను. చేలో తేలు కుట్టినా మా నాయన మడక విప్పకుండా దున్నకం ముగించాడని మా ఊరు గడివేములలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాటలు వింటూ పెరిగినవాడు గుండె ఆపరేషన్ అయ్యాక ఏం చేస్తాడో, నేనూ అదే చేశాను.

నాకు కర్నూలులో బైపాస్ చేశారు. కాలి నుంచి సిర తీసి, పూడిన చోటును దాటించి గుండెకు కుట్టే ఈ పద్ధతిని 1967లో అమెరికాలో రెనె ఫవలోరో అనే అర్జెంటీనా డాక్టరు గాడిన పెట్టాడు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక మా వైపు సన్నకారు రైతులకూ అందుబాటులోకి వచ్చింది. ఆపరేషన్ సంగతి డాక్టర్లు బాగానే చూసుకున్నారు. చెడగొట్టుకున్నది ఆ తర్వాత, ఇంట్లో, నా చేతులారా.

డిశ్చార్జి రోజు నర్సమ్మ విడమరిచి చెప్పింది. నొప్పి మాత్ర టైముకు వేసుకోవాలి. దగ్గొస్తే దిండు రొమ్ముకు హత్తుకుని గట్టిగా దగ్గాలి. మూడు బంతుల పరికరంతో గంటగంటకూ ఊపిరి పీల్చాలి. అన్నిటికీ తలూపాను.

మా ఆవిడ మాత్ర నా చేతిలో పెట్టి నీళ్లకు లోపలికి వెళ్తే, దాన్ని దిండు గలీబులో వేసేవాణ్ని. ఇన్ని మందులు మింగితే ఒళ్లు పాడవుతుందనేది పైకి నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి వేరు. సోనా వడ్ల కోతలు అయిపోయి ఊరంతా తీరిగ్గా ఉంది, పరామర్శకు వచ్చేవాళ్లకు కొదవ లేదు. "నొప్పి ఎట్లుంది అయ్యవారూ?" అని అడిగితే "నొప్పా? ఏం లేదప్పా" అనాలి. వాళ్ల ముఖాల్లో మెచ్చుకోలు చూడాలి. నాకు కావలసింది అది.

నొప్పి లేకేం? రంపంతో కోసిన రొమ్ము ఎముకను స్టీలు తీగలతో బిగించి ఉంటారు. గట్టిగా ఊపిరి తీస్తే చురుక్కుమంటుంది. అందుకని నాకు తెలియకుండానే పైపైన ఊపిరి తీసుకుంటూ వచ్చాను. దగ్గును గొంతులోనే అణచుకున్నాను. పరికరం గూట్లో దుమ్ము పట్టింది. కొన్నాళ్లకే సాయంత్రం పూట ఒళ్లు కాగడం మొదలైంది. గదిలోంచి వాకిట్లోకి రావడానికే ఆయాసం. మా వాడు మళ్లీ కర్నూలు తీసుకుపోయాడు. గుండె బాగానే ఉందన్నారు. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి అడుగు భాగం ముడుచుకుపోయి కనిపించింది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పరికరం నా చేతికిచ్చి పీల్చమంది. ఒక్క బంతి సగందాకా లేచి పడిపోయింది.

"నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు సార్?"

అబద్ధం చెబుదామంటే మా ఆవిడ ఎదురుగానే ఉంది. "వేసుకోవడం లేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. మాత్ర మింగించి, చాలాసేపు ఆగి వచ్చింది. దిండు రొమ్ముకు ఆనించి, దాని మీద నా రెండు చేతులూ బిగించి, "ఇప్పుడు దగ్గండి" అంది. భయపడుతూనే దగ్గాను. అన్నాళ్లూ కదలనిది కదిలి, చిక్కటి కఫం పడింది. మళ్లీ పీల్చమంది. రెండు బంతులు పైదాకా లేచి నిలిచాయి.

వాటి వైపు చూస్తూ ఉండిపోయాను. నొప్పి తగ్గితేనే ఊపిరి నిండుగా తీయగలం, ఊపిరి నిండితేనే ఊపిరితిత్తి విచ్చుకుంటుంది. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదనలేను, నేనే వినలేదు. ఓర్పు అనుకుని నా ఊపిరికి నేనే అడ్డం పడ్డాను. ఇంటికొచ్చాక మా ఆవిడ గలీబు ఉతకబోయి, రాలిన మాత్రలన్నీ ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఒక్క మాటా అనలేదు.

ఇంకో సంగతి. నొప్పి మాత్ర అంటే డాక్టరు రాసిందే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బైపాస్ అయినవాళ్లకు ప్రమాదం. అలాగే పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని వచ్చినవాళ్లంతా చెప్తారు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉండేదే వాటిలో.

ఇక పడక సంగతి. వేపచెట్టు కింద నులక మంచం నాకు ప్రాణం. కానీ గుంత పడిన నులకలోంచి లేవాలంటే పట్టె పట్టుకుని చేతుల మీద బరువు మోపక తప్పదు. ఆ లాగుడంతా రొమ్ము ఎముక మీదే పడుతుంది. పై గాయం రెండు మూడు వారాల్లో ఆరిపోయి, అంతా నయమైందని మనల్ని నమ్మిస్తుంది. లోపల ఎముక అతకడానికి 6 నుంచి 8 వారాలు, బాగా గట్టిపడటానికి దాదాపు 3 నెలలు పడుతుంది. అందాకా నీళ్ల బిందె ఎత్తడం, మోటారు సైకిలు నడపడం కుదరవు. గట్టి మంచం మీద పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జారవిడిచి, ఆ ఊపుతో లేవాలి. రొమ్ములో టిక్కుమని ఎముక కదిలినట్టున్నా, గాయం చెమ్మగిల్లినా, జ్వరమొచ్చినా, రెండు రోజుల్లోనే ఒకటి రెండు కిలోల బరువు పెరిగినా తెల్లారనీ అని ఆగొద్దు.

మొన్న మా వీధిలో ఒకతను బైపాస్ చేయించుకుని వచ్చాడు. వడ్ల వ్యాపారి, మొండి మనిషి. "నొప్పేం లేదు సార్" అన్నాడు నవ్వుతూ. పరికరం తెప్పించి చూపించమన్నాను. ఊదాడు. ఊదడం కాదు, పీల్చాలని చెప్పాను. ఒక్క బంతి లేచింది. వాళ్లావిడతో మాత్రల అట్ట తెప్పించి, ఎన్ని మిగిలాయో ముగ్గురం కలిసి లెక్కపెట్టాం.