నేను అడగని ప్రశ్న

అల్లాహ్ అనుగ్రహం వల్ల ముప్ఫయి ఏళ్ళుగా బాలికల మదరసాలో బోధిస్తున్నాను. నేను చెప్పడం, ఎదుటివారు వినడం నాకు అలవాటైన పద్ధతి. గర్భిణుల కోసం ఒక సమావేశాన్ని ప్రారంభించినప్పుడు కూడా అదే పద్ధతిని పాటించాను. దానివల్ల కలిగిన నష్టాన్ని నా పూర్వ విద్యార్థిని ఒకామె భరించవలసి వచ్చింది. నేను చేసిన పొరపాటు మరొకరు చేయకూడదనే ఉద్దేశంతో, ఆమె అనుమతి తీసుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా మదరసా కర్నూలు పాతబస్తీలో ఉంది. మా దగ్గర చదువుకున్న అమ్మాయిలు పెళ్ళయ్యాక కూడా ధర్మసందేహాలు అడగడానికి వస్తుంటారు. “ఆపా, కడుపుతో ఉన్నప్పుడు రోజా విడిచిపెట్టవచ్చా?” “ఆపా, సజ్దా చేయలేకపోతున్నాను, ఎలా?” ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట సమాధానం చెబితే బాగుంటుందని తలచి వారానికొక సమావేశం పెట్టాను. మదరసాకు సెలవు గనుక శుక్రవారం ఉదయమని నిర్ణయించాను. ముగ్గురే వచ్చారు. జుమా రోజు ఉదయం ఇంట్లో స్నానాలు, బట్టలు, వంటల హడావిడి ఎంత ఉంటుందో స్త్రీనై ఉండి కూడా ఆలోచించలేదు. తర్వాత బుధవారం జుహ్ర్, అసర్ నమాజుల మధ్యకు మార్చాము. మేడమీది హాలు వదిలి కింది గదిలోకి వచ్చాము. నేలమీద కూర్చుని లేవలేని వారి కోసం కుర్చీలు వేయించాము. క్రమంగా పదిహేను, ఇరవై మంది రాసాగారు.

ఏర్పాట్లు మారాయి గాని నా పద్ధతి మారలేదు. ముప్పావుగంట ప్రసంగించేదాన్ని. హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) గారి నమ్మకం గురించి, తల్లి పడే బాధకు అల్లాహ్ ప్రసాదించే పుణ్యం గురించి, అన్నిటికన్నా ఎక్కువగా సహనం (సబ్ర్) గురించి చెప్పేదాన్ని. అందరూ తలలూపేవారు. దుఆ చేసి లేచేవాళ్ళం.

ఒక బుధవారం ఆ అమ్మాయి చివరి వరుసలో కూర్చుంది. తొలి కాన్పు, ఎనిమిదో నెల. ముఖం ఉబ్బి ఉంది. వేలికి పట్టని ఉంగరాన్ని దుపట్టా కొంగున ముడివేసుకుంది. ఇదంతా నేను చూశాను. నీళ్ళు పట్టినట్టుందని మనసులో అనుకున్నాను. కడుపుతో ఉన్నవారికి మామూలేనని సరిపెట్టుకున్నాను. “ఎలా ఉన్నావమ్మా?” అని మాత్రం అడగలేదు. ఆనాటి ప్రసంగం కూడా సహనం గురించే.

రెండు రోజుల తర్వాత అర్ధరాత్రి ఆమెకు మూర్ఛలు వచ్చాయి. ఆసుపత్రిలో తల్లి ప్రాణం దక్కింది, అల్ హమ్దులిల్లాహ్. బిడ్డ దక్కలేదు. చూడటానికి వెళ్ళినప్పుడు ఆమె నా చేయి పట్టుకుని, “మూడు రోజులుగా ఒకటే తలనొప్పి ఆపా. కళ్ళు మసకలు కమ్మేవి. మీరు సబ్ర్ గురించి చెబుతున్నారు, మధ్యలో నా తలనొప్పి సంగతి ఎందుకులే అని ఊరుకున్నాను” అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అది నన్ను మరింత కలచివేసింది.

ఇంటికి వచ్చి దివ్య ఖుర్ఆన్ తెరిచి సూరె మర్యమ్ చదివాను. ఎన్నో ఏళ్ళుగా విద్యార్థినులకు ఆ సూరా వ్యాఖ్యానం బోధించినదాన్నే. హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) ప్రసవవేదనతో ఖర్జూర చెట్టు మొదలును ఆశ్రయించి, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని విలపించారు. ఆ విలాపాన్ని అల్లాహ్ తన గ్రంథంలో దాచలేదు, తప్పు పట్టలేదు. దుఃఖించవద్దనే ఓదార్పు వచ్చింది. ఆ ఓదార్పుతో పాటు పాదాల చెంత నీటి ఊట, చేతికి అందే పండిన ఖర్జూరాలు కూడా లభించాయి. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) సైతం తన బాధను ప్రభువుకు నోరు తెరచి విన్నవించుకున్నారు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. బాధను దాచుకోవడమే సహనమని నా శ్రోతలు అర్థం చేసుకున్నారంటే లోపం వారిది కాదు, నా బోధనది.

ఆ తర్వాత మా వీధిలోనే ఉండే పదవీ విరమణ చేసిన ఒక నర్సమ్మను ప్రాధేయపడి పిలిచాను. ఆమె ముస్లిం కాదు గాని, మొదటి రోజు నుండే మా వారికి సొంత మనిషి అయింది. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖమూ చేతులూ వాయడం, పొట్ట పైభాగంలో నొప్పి, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగరాదని నేర్పింది. రక్తపోటు 140/90 చేరితే వెంటనే డాక్టరుకు చూపించాలని చెప్పింది. నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో గ్రామ మహిళలు ఇలాగే నెలనెలా కూడి తమ సమస్యలను తామే చర్చించుకోగా, ఆ ప్రాంతాల్లో నవజాత శిశువుల మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2004లో వెలువడిన అధ్యయనం గురించి కూడా ఆమే చెప్పింది. అక్కడి స్త్రీలు ప్రసంగాలు వినడానికి కూడలేదు, మాట్లాడుకోవడానికి కూడారు.

ఇప్పుడు మొదటి అరగంట నేను మాట్లాడను. ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతాను: “ఈ వారం ఇంట్లో ఎవరికీ చెప్పని బాధ ఏమైనా ఉందా?” నర్సమ్మ రక్తపోటు చూస్తుంది, తల్లీబిడ్డల కార్డు పరిశీలిస్తుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ఉచిత పరీక్షలకు నలుగురైదుగురు కలిసి వెళతారు. ఐరన్ మాత్రలు 180 రోజులు వాడాలి. వాటికి ముందూ వెనకా గంటసేపు టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదని తెలిశాక, సమావేశంలో టీ మానేసి నిమ్మరసం, ఖర్జూరాలు ఇస్తున్నాము. కాన్పుకు ఏ ఆసుపత్రి, రాత్రివేళ బండి ఎవరిది, రక్తం ఇవ్వగలవారెవరు, పెద్దపిల్లల్ని ఎవరు చూసుకుంటారు - ఇవన్నీ ఏడో నెలలోనే కాగితం మీద రాయించి, ఇంటి మగవారికి పంపుతాము. చివర 108 నంబరు ఉంటుంది.

నెలకొకసారి అత్తగార్లను కూడా పిలుస్తాము. “మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?” అని ఒక పెద్దామె విసుక్కుంటే, పక్కనున్న మరొకామె తన మొదటి బిడ్డను ఎలా పోగొట్టుకుందో చెప్పి కంటతడి పెట్టింది. ఆ రోజు తర్వాత కోడళ్ళకు తోడుగా అత్తలే రాసాగారు. తనకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందనే భయముంటే గర్భిణి రోజా విడిచి, తర్వాత ఖజా చేసుకోవచ్చనే హనఫీ మస్అలాను ఇప్పుడు వారి ఎదుటే చెబుతాను. అల్లాహ్ ఇచ్చిన సడలింపును ఇంటి పెద్దలు హరించరాదు కదా!

ఆ అమ్మాయి ఇప్పుడు మళ్ళీ గర్భవతి. ప్రతి బుధవారం అందరికన్నా ముందే వచ్చి కుర్చీలు సర్దుతుంది. కొత్తగా వచ్చి చివరి వరుసలో కూర్చున్నవారి దగ్గరకు వెళ్ళి, నాకన్నా ముందే ఆ ప్రశ్న తాను అడుగుతుంది.

సోదరీమణులారా! ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒక గది, కాసిన్ని కుర్చీలు, విషయం తెలిసిన ఒక నర్సు, వినే ఓపిక ఉంటే చాలు. మా బిడ్డలందరికీ సులువైన కాన్పును, దూరమైన పసికందుల తల్లులకు మనశ్శాంతిని అల్లాహ్ ప్రసాదించుగాక! చెప్పేముందు వినే బుద్ధిని నాకు అనుగ్రహించుగాక! ఆమీన్.